శాఖాపరమైన కాలు

మైలురాళ్ళ సంరక్షణ శాఖలో ఏదైనా కదిలిందంటే అది పొరపాటున కదిలిందనే అర్థం. రాయి కదలకూడదు కాబట్టి రాయిని కాపాడేవాడూ కదలనక్కర్లేదని ఆ శాఖ పుట్టిన నాటి నుంచీ ఓ నమ్మకం. బల్ల మీదికి వచ్చిన ఫైలుని దుమ్ము పట్టేదాకా గౌరవంగా అక్కడే ఉంచేవారు. కుర్చీలో కూర్చున్న మనిషి రిటైరైతేనే లేచేవాడు. జిల్లా కేంద్రంలో కాలవ పక్కన మూడంతస్తుల మేడ, అందులో పై అంతస్తు ఈ శాఖది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఎవరి వల్లా ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. హాయిగా జరిగిపోతోంది.

అలాంటి చోటికి చలనం వచ్చి పడింది. రాజధానిలో ఎవరో పెద్దమనిషితో డాక్టరు "కాస్త నడవండి సార్" అన్నాడట. ఆయన నడవలేదు. నడవమని ఉద్యోగులందరికీ ఉత్తర్వులిచ్చాడు. ఆ పథకానికి 'నిత్య చలనం' అని పేరు పెట్టారు. ప్రతి ఉద్యోగి మణికట్టుకీ ఓ నల్ల పట్టీ తగిలించారు. చెయ్యి ఊగితే పట్టీ గుర్తు పెట్టుకుంటుంది, ఎవరెంత కదిలారో మార్కులేసి నెలాఖరుకి రాజధానికి దానంతటదే చాడీ చెబుతుంది. మేడకున్న ఒక్క లిఫ్టూ ఆపేసి, ఎక్కండి, దిగండి, ఆరోగ్యం మీదే అన్నారు.

డైరెక్టరు చక్రధరరావుగారికి ఇలాంటివంటే పండగే. పైనుంచి ఏది వచ్చినా పైవాళ్ళకంటే ముందు ఆయనకి పూనకం వచ్చేది. మొక్కలు నాటమన్న ఏడాది ఆఫీసు వరండాలో గచ్చు పగలగొట్టించి మరీ నాటించారు. అవి చచ్చాయి, గచ్చు ఇప్పటికీ అలాగే ఉంది. ఇక చలనమనేసరికి ఆయన మూడు గంటలసేపు కూర్చోబెట్టి, కూర్చోవడం ఎంత ప్రమాదకరమో అందరికీ చెప్పారు.

ప్రారంభోత్సవం నాడు గుమ్మం మీద బ్యానరు కట్టాలి. నిచ్చెన అడిగితే దానికి పైనుంచి మంజూరు రాలేదన్నారు. కుర్చీ మీద స్టూలు వేశారు. దాని మీదికి ఎవరెక్కుతారన్న మాట వచ్చేసరికి అందరూ వీరవేణి వైపు చూశారు.

వీరవేణి సీనియర్ అసిస్టెంటు. ఇరవయ్యేళ్ళుగా ఆ ఆఫీసులో ఎవరూ చెయ్యని పని ఏదుంటే అది ఆవిడ బల్ల మీదికి చేరేది. ఆవిడకి కాదనడం చేతకాదు. ఆఫీసులో ఇలా ఉండే మనిషి బండెక్కితే మాత్రం వేరు. భర్త అబ్బులు బజారులో కుట్టు మిషన్లు బాగుచేస్తాడు, ఆయనకి బండి నడపడం రాదు. రోజూ పొద్దున్నే ఆవిడ స్కూటరు తీస్తే ఆయన వెనక కూర్చుని, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, "కాస్త నెమ్మదే" అంటూ వెళ్ళేవాడు. ఆవిడ నెమ్మదిగా వెళ్ళేది కాదు. ఎవర్నీ అడగకుండా ఎక్కడికైనా వెళ్ళగలగడం ఒక్కటే ఈ జీవితంలో తాను సంపాదించుకున్నదని ఆవిడ అనుకునేది, అది నిజం కూడాను.

ఆ మనిషి కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద తనూ అయి బ్యానరు తాడు లాగుతుండగా స్టూలు జారింది. ఎడమ కాలి ఎముక మోకాలి కింద విరిగింది. లోపల డైరెక్టరుగారి ప్రసంగం మధ్యలో ఉంది. దాన్ని ఆపడం మర్యాద కాదు గనుక, అది అయ్యేదాకా ఆవిడని వరండాలో పడుకోబెట్టి విసనకర్రతో విసిరారు.

ఎముకల డాక్టరు మణిమాల తొడ దగ్గర్నుంచి వేళ్ళ దాకా పిండికట్టు వేసింది. నిక్కచ్చిగా మాట్లాడే మనిషి.

"విరిగింది కాలమ్మా, మీరు కాదు. మంచానికి అతుక్కుపోయారంటే మిగతా ఒళ్ళు కూడా చెడుద్ది. కాలి వేళ్ళు ఆడించండి. కట్టులోపలే తొడ బిగించి వదలండి. కాలు మొత్తం ఎత్తి దించండి. నీళ్ళ సీసాలు పట్టుకుని చేతులు ఆడించండి. వాకరు పట్టుకుని ఇంట్లోనే నాలుగడుగులు వెయ్యండి, ఆ పాదం మీద మాత్రం బరువు మోపకండి. కూర్చున్నప్పుడు కాలు దిండు మీద పెట్టుకోండి."

"మళ్ళీ బండి నడపగలనాండీ?" అంది వీరవేణి.

"అది కట్టు విప్పాక మీ చేతిలో ఉంటది. ఇన్నాళ్ళు మోకాలు చాపి ఉంచుతున్నాం కదా, విప్పిన రోజునుంచే వంచడం మొదలెట్టాలి. నెలలు గడిపేశారనుకోండి, బిగుసుకుపోద్ది. ఆనక ఎంత ఏడ్చినా వంగదు. చెప్పిన రోజుకి రండి, చెప్పింది చెయ్యండి, బండి నేనే ఎక్కిస్తాను."

వీరవేణి ఆ మాట గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చిన మర్నాడే వంటింటి పక్క కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని మొదలుపెట్టింది.

ఇంతలో ఆఫీసు నుంచి ఏ.వో. పరంజ్యోతిగారు ఫోను చేశారు. ఏ.వో. అంటే డైరెక్టరు నోటి నుంచి వచ్చే గాలిని కాగితం మీద పెట్టే ఉద్యోగం.

"వీరవేణిగారూ, ఎలా ఉన్నారు, అది సరే గానీ, పట్టీ తియ్యలేదు కదా? తియ్యకండమ్మా. సెలవులో ఉన్నా ఉద్యోగి ఉద్యోగే. పట్టీ కదలకపోతే సిస్టంలో మీరు చనిపోయినట్టు వస్తది. తర్వాత బతికున్నారని రుజువు చేసుకోడానికి మీ ప్రాణం పోద్ది."

సరేనని ఆవిడ పట్టీ కట్టుకునే చేసింది. డాక్టరు చెప్పినవి చేశాక కూడా చేతులు ఊరుకోవడం లేదు. చిక్కుడుకాయలు వలిచింది, మజ్జిగ చిలికింది, పిండి కలిపింది. మొగుడు బాగుచేసిన మిషన్లు సరిగ్గా ఆడుతున్నాయో లేదో చూడాలంటే గంటసేపు తిప్పి చూడాలి. అవి చేత్తో చక్రం తిప్పే మిషన్లు. "ఇలా ఇవ్వండి, నేను తిప్పుతాను" అని అవీ పుచ్చుకుంది. కాలు దిండు మీద, చెయ్యి చక్రం మీద. ఇల్లంతా గరగరమని ఒకటే చప్పుడు. పక్కింటివాళ్ళు ఈవిడ సెలవులో టైలరు దుకాణం పెట్టిందనుకున్నారు.

"నీకు కాలు విరిగాక హుషారెక్కువైందే వేణీ," అన్నాడు అబ్బులు.

"ఆఫీసు లేదు కదండీ మరి," అంది ఆవిడ.

ఆఫీసులో మాత్రం ఎవరికి తోచిన చలనం వాళ్ళు చేస్తున్నారు. ఒకాయన పట్టీని ఫ్యానుకి కడితే అది ఎగిరి ఇంకొకాయన టీ గ్లాసులో పడింది. ఇంకొకావిడ మనవడి ఉయ్యాలకి కట్టింది, మనవడు నిద్రపోయినప్పుడల్లా ఆవిడ మార్కులు పడిపోయేవి. ఓ సూపరింటెండెంటు తన పట్టీని వీధికుక్క మెడకి తగిలించి నిశ్చింతగా ఉన్నాడు. ఆ కుక్క సోమరిదని నెలాఖరుకి తెలిసింది.

నెలాఖరుకి ఫలితాలొచ్చాయి. శాఖ మొత్తం మీద, జిల్లా మొత్తం మీద, ఆ మాటకొస్తే రాష్ట్రం మొత్తం మీద అత్యంత చురుకైన ఉద్యోగి ఎవరయ్యా అంటే, కాలు విరిగి ఇంట్లో కూర్చున్న వీరవేణి.

డైరెక్టరుగారు సమావేశం పెట్టారు.

"ఈ ఫలితం వెనక ఉన్న మూలకారణాన్ని మనం శాస్త్రీయంగా వెలికితీయవలసిన అవసరం ఎంతైనా ఉంది," అన్నారాయన. "ఆవిడకి ఉండి మనకి లేనిదేమిటి? నిర్భయంగా చెప్పండి."

వెనక బల్ల నుంచి ఒకాయన నిర్భయంగా లేచాడు. "ఆవిడ ఆఫీసుకి రావట్లేదండి. బహుశా ఆఫీసుకి రాకపోవడమే..."

"కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. మళ్ళీ రిటైరయ్యేదాకా ఏ సమావేశంలోనూ లేవలేదు.

"ఇంకో కారణం?"

"కాలు విరిగిందండి," అన్నారు ఏ.వో.గారు.

"అదీ!" అని బల్ల గుద్దారు డైరెక్టరుగారు. "రాసుకోండి. కాలు భగ్నమైన ఉద్యోగి చలనశీలత, కాలు భగ్నం కాని ఉద్యోగుల చలనశీలత కంటే గణనీయంగా అధికమని ఇందుమూలంగా నిర్ధారించడమైనది."

ఏ.వో.గారు రాసుకుని, పెన్ను ఎత్తి, మామూలుగా సెలవు చీటీ గురించి అడిగినట్టు అడిగారు. "అయితే అందరికీ విరగ్గొట్టించమంటారా సార్?"

డైరెక్టరుగారు ఆలోచించారు. ఆ కాసేపూ అందరూ కాళ్ళు కుర్చీల కిందికి లాక్కున్నారు.

"ప్రస్తుతానికి వద్దు. మానవీయ కోణం కూడా ఒకటుంటుంది కదా. ముందు కట్టుతో మొదలుపెడదాం."

అలా పుట్టింది 'సంకేత కట్టు' పథకం. ప్రతి ఉద్యోగీ ఒక కాలికి పిండికట్టు వేయించుకుని విధులకు హాజరు కావాలి. హోదా మర్యాదలు పాటించకపోతే అది ప్రభుత్వ కార్యాలయం అనిపించుకోదు గనుక అందులోనూ తేడాలు పెట్టారు. అటెండర్లకి తొడ దాకా. గుమాస్తాలకి మోకాలి దాకా. గెజిటెడ్ అధికారులకి చీలమండ దాకా. డైరెక్టరుగారికి మాత్రం విప్పి తొడుక్కునే కట్టు ప్రత్యేకంగా తెప్పించారు. అది తనిఖీల రోజున తొడుక్కుని, మిగతా రోజుల్లో బీరువాలో పెట్టేవారు.

లిఫ్టు ఆపే ఉంది. కట్టుకాళ్ళతో మూడంతస్తులు ఎక్కలేక సగంమంది మధ్యాహ్నానికి రెండో అంతస్తుకి చేరేవారు, అక్కడ టిఫిన్లు తిని కిందికి బయల్దేరేవారు. ఇక చేతికి మార్కులు రాక ఏం చేస్తాయి? మెట్ల కమ్మీలు పట్టుకుని వేలాడుతుంటే పట్టీలు గంతులేశాయి. పథకం దిగ్విజయమైందని రాజధానికి నివేదిక వెళ్ళింది. అక్కడివాళ్ళు మెచ్చుకున్నారు. ఢిల్లీవాళ్ళకి చెప్పారు.

ఇక్కడ వీరవేణి ఇంటికి లారీలో ఓ బోర్డు వచ్చింది. 'చురుకైన విశ్రాంతి నమూనా కేంద్రం'. దాన్ని గోడకి బిగించడానికి ఆవిడ పెంచుకున్న సన్నజాజి పందిరి పీకేశారు. వెనకాలే జట్లు జట్లుగా ఉద్యోగులు దిగారు, క్షేత్రస్థాయి అధ్యయనమట. కట్టుకాళ్ళు చాపుకుని హాలంతా నిండిపోయారు. కాఫీలు కలపడానికే పొద్దు చాలక అబ్బులు దుకాణం మూసేసుకున్నాడు.

నిజం చెప్పుకోవాలి. మొదట్లో వీరవేణికి ఇదంతా బాగానే ఉంది. ఇరవయ్యేళ్ళలో పేరు పెట్టి పిలవని డైరెక్టరుగారు వచ్చి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, "మా వీరవేణిగారు" అన్నారు. ఆ ఫోటో పేపర్లో వచ్చింది. ఆవిడ దాన్ని కత్తిరించి దిండు కింద పెట్టుకుంది. ఎవరు మాత్రం పెట్టుకోరు?

కానీ రెండో వారానికల్లా అసలు సంగతి తెలిసొచ్చింది. ఆవిడ వ్యాయామం చెయ్యడానికి వీల్లేదు.

"ముందు సిద్ధాంతం, తర్వాత ప్రదర్శన," అన్నారు ఏ.వో.గారు. సిద్ధాంతం అంటే డైరెక్టరుగారి ప్రసంగం. అది పొద్దున్న మొదలై సాయంత్రానికి అయిపోయేది, ప్రదర్శనకి టైము ఉండేది కాదు. మధ్యలో ఆవిడ కాలెత్తబోతే, "కాసేపు కదలకండి, జనానికి కట్టు సరిగా కనపడాలి" అనేవారు. అబ్బులు మిషన్లు నమూనా కేంద్రంలో ప్రైవేటు వ్యాపారం కిందికి వస్తాయని బయట పెట్టించేశారు. వాకరుకి పూలదండలు చుట్టి ప్రదర్శనకి పెట్టారు, దాన్ని ముట్టుకోకూడదట.

"మార్కులు పడిపోతున్నాయేమోనండీ," అంది వీరవేణి భయపడుతూ.

"ఆ బెంగ మీకెందుకమ్మా?" అని ఏ.వో.గారు ఆవిడ చేతి పట్టీ విప్పి జేబులో వేసుకున్నారు. "ఇది ఆఫీసులో భద్రంగా ఉంటది. దీన్ని ఆడిస్తూ ఉండడానికి ఓ పోస్టు మంజూరు చేయించాం. కుర్రాడు చదువుకున్నవాడు, బాగా ఆడిస్తాడు."

కట్టు విప్పాల్సిన రోజు దగ్గరపడింది. వీరవేణి మర్యాదగా ఏ.వో.గారికి ఫోను చేసి, సోమవారం ఆస్పత్రికి వెళ్తున్నానని చెప్పింది.

"విప్పించుకుంటారా? ఎవర్నడిగి?"

"డాక్టరుగారు రమ్మన్నారండీ."

"డాక్టరుగారు మన శాఖ కాదు కదమ్మా. చూడండి, ఆ కట్టు ఇప్పుడు మీ సొంతం కాదు, శాఖాపరం. ఢిల్లీ నుంచి పరిశీలక బృందం వస్తోంది. వాళ్ళు చూసేది ఏంటి? మీ కట్టే. అది లేకపోతే మిగతా కట్లన్నీ దొంగకట్లు అయిపోవా?"

"మోకాలు బిగుసుకుపోద్దంటున్నారండీ. విప్పించుకుని ఓ నెల ఇంట్లోనే ఉండి వంచుకుంటాను. సెలవు పొడిగించండి, మీకు పుణ్యం ఉంటది."

"అదెలా కుదురుద్ది? సెలవు దేనికిచ్చాం? కట్టుకిచ్చాం. కట్టు ఉన్నంతకాలం సెలవుంటది. విప్పిన మర్నాడు పొద్దున్న మీరు మూడో అంతస్తులో సంతకం పెట్టాలి. కట్టుకి సెలవుంది గానీ మోకాలికి సెలవు లేదండి రూల్సులో."

అదీ సంగతి. విప్పిస్తే మర్నాడే లిఫ్టు లేని మేడ ఎక్కాలి, పైగా శాఖ పరువు తీసిందని మెమో. విప్పించకపోతే మోకాలు. ఆవిడ ఫోను పెట్టేసి మొగుడికి చెప్పింది.

అబ్బులు ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ రోజు అరిచాడు. "కాలు నీదా, ఆళ్ళ బాబుదా? పద, రిక్షా పిలుస్తాను. ఇప్పుడే ఇప్పించేద్దాం."

"ఉద్యోగం పీకేస్తే?"

"పీకితే పీకనీ! మిషన్లు బాగుచేసుకుని బతకలేమా?"

"మీకేం, మీరలాగే అంటారు," అని ఏడ్చింది వీరవేణి. ఇరవయ్యేళ్ళ సర్వీసు, కాదనడం రాని నోరు. ఆవిడకి మోకాలికంటే మెమో అంటేనే ఎక్కువ భయం. ఆ భయం ఆఫీసులే నేర్పుతాయి. వేరే ఏదీ నేర్పవు గానీ అది మాత్రం శ్రద్ధగా నేర్పుతాయి.

అదే వారం డైరెక్టరుగారు స్వయంగా వచ్చారు. ఆ రోజు తనిఖీ లేదు గనుక కట్టు తొడుక్కోలేదు, రెండు కాళ్ళ మీదా చకచకా మెట్లెక్కి వచ్చారు. "వ్యక్తిగత ప్రయోజనాల కంటే వ్యవస్థాగత ప్రయోజనాలు మిన్న అని మీవంటి వారికి నేను చెప్పనక్కర్లేదు. పది రోజులు. పది రోజులు ఓపిక పట్టండి. మీకు 'చలనశ్రీ' బిరుదుకి సిఫారసు చేస్తున్నాను," అన్నారు. ఆవిడ తల ఊపింది.

పది రోజులకి బృందం రాలేదు. విమానాలు దొరకలేదన్నారు. తర్వాత ఎన్నికల కోడ్ అన్నారు. తర్వాత బృందం నాయకుడికి నడుం పట్టేసిందన్నారు. వాయిదా మీద వాయిదా పడుతుంటే డాక్టరు మణిమాల ఫోను మీద ఫోను చేసింది. "ఎముక ఎప్పుడో అతుక్కుంది తల్లీ. ఇంక ఆ కట్టు మందు కాదు, అదే రోగం. మీరు రాకపోతే నేను చేసేది ఏం లేదు," అని, చివరికి విసిగి ఫోను చెయ్యడం మానేసింది. కట్టు లోపల తొడ సన్నబడిపోయి, కట్టుకీ కాలికీ మధ్య చెయ్యి దూరేంత ఖాళీ వచ్చింది. రోజూ స్నానానికి వెళ్ళేటప్పుడు వసారాలో దుప్పటి కప్పి ఉన్న స్కూటరుని చూసి ఆవిడ మొహం తిప్పుకునేది.

ఎట్టకేలకి బృందం వచ్చింది. ఆఫీసు మేడ మీద, మూడో అంతస్తులో సభ. ముఖ్య అతిథి అయిన బృందం నాయకుడి చేతుల మీదుగా వీరవేణి కట్టు విప్పే కార్యక్రమం పెట్టారు. లిఫ్టు వెయ్యమని అడిగితే, నిత్య చలనం సభకి లిఫ్టులో వస్తే బాగుంటుందా అన్నారు. తొడ దాకా కట్లున్న నలుగురు అటెండర్లు ఆవిడని కుర్చీతో సహా మోసుకుని మెట్లెక్కారు. ఒకడు ఎక్కితే ఇంకొకడు ఒరిగేవాడు. ప్రతి మలుపులోనూ ఆవిడ కమ్మీ పట్టుకుని దేవుళ్ళందరినీ పిలిచింది. కింద నుంచి అబ్బులు, "బాబ్బాబు, రెండో కాలు కూడా ఇరగ్గొట్టకండ్రా!" అని మొత్తుకుంటూ వచ్చాడు.

వేదిక మీద శాలువా కప్పారు. వెండి పళ్ళెంలో కత్తెర తెచ్చారు, రిబ్బన్లు కత్తిరించే కత్తెర. ముఖ్య అతిథి దాన్ని పిండికట్టు మీద పెట్టి నవ్వారు. ఫోటోలు తీశారు. చప్పట్లు కొట్టారు. కట్టు మీద గీత కూడా పడలేదు. "ఇంతటితో కట్టు విప్పబడినట్లుగా ప్రకటిస్తున్నాం" అని మైకులో చెప్పేసి తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు.

తర్వాతి అంశం ముఖ్య అతిథి ప్రసంగం. ఆయన చలనాన్ని పొగిడి, చివర్లో ఓ మాట అన్నారు. "అయితే ప్రస్తుతం ఢిల్లీలో మా ఆలోచన కొంత మారింది. మనిషి అతిగా కదులుతున్నాడేమో! నిశ్చలతలోనే అసలు శక్తి ఉందేమో అన్న దిశగా యోచిస్తున్నాం."

డైరెక్టరుగారి వీపు నిటారుగా అయింది. కళ్ళు అరమోడ్పులయ్యాయి. పూనకం మొదలైందని ఏ.వో.గారికి అర్థమై, కాగితం తీసి సిద్ధంగా పెట్టుకున్నారు.

సభ అయ్యాక ఆస్పత్రిలో రంపం పెట్టి కట్టు కోసింది డాక్టరు మణిమాల. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని వీరవేణికి అనిపించింది. బయటపడ్డ కాలు తనది కాదన్నట్టుగా ఉంది, సన్నగా, పొట్టు రాలుతూ. డాక్టరు మోకాలి కింద చెయ్యి పెట్టి మెల్లగా వంచబోయింది. అది వంగలేదు. ఇంకాస్త నొక్కింది. వీరవేణి కెవ్వుమంది.

"కొంచెం వస్తదమ్మా, కష్టపడితే," అంది డాక్టరు, మొహం చూడకుండా. "అంతా రాదు."

"బండి?"

డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఆ సాయంత్రం వీరవేణి వసారాలోకి కుంటుకుంటూ వెళ్ళి, దుప్పటి లాగేసి, స్కూటరు మీద కూర్చుంది. ఎడమ కాలు లోపలికి రాలేదు. కర్రలా పక్కకి చాచుకుని ఉండిపోయింది. చేతులతో పట్టుకుని లోపలికి లాక్కుంది, నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. హ్యాండిలు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అబ్బులు దగ్గరికి వచ్చి, "నేను నేర్చుకుంటాలే వేణీ. నువ్వు ఎనక్కూచుందువుగాని," అన్నాడు. దాంతో ఆవిడకి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

మర్నాడు రూలు ప్రకారం మెట్లన్నీ ఎక్కి, మధ్యాహ్నం దాటాక మూడో అంతస్తు చేరింది. పైకొచ్చి చూస్తే ఆఫీసు ఆఫీసులా లేదు. బల్లలు గోడలకి నెట్టేశారు. కోసిపారేసిన కట్లు వరండాలో గుట్టగా పడున్నాయి. నేల మీద వరసగా చాపలు, చాపల మీద ఉద్యోగులందరూ కాళ్ళు మడిచి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. 'నిత్య చలనం' నిన్నటితో రద్దయింది. నేటినుంచి 'పరమ నిశ్చలం'. ఎవరెంత కదలకుండా కూర్చున్నారో రాజధానికి చెప్పే కొత్త పట్టీలొచ్చాయి, ఈసారివి తెల్లవి. ఇది ఆ శాఖకి పుట్టుకతో వచ్చిన విద్యే గనుక అందరి మొహాల్లోనూ సొంత ఇంటికి చేరిన తృప్తి కనిపిస్తోంది.

వీరవేణి ఓ మూల కుర్చీ వేసుకుని, కాలు చాచుకుని కూర్చుంది. ముందు చాప మీద పద్మాసనంలో ఉన్న డైరెక్టరుగారు ఒక కన్ను తెరిచారు.

"కుర్చీ నిషిద్ధం. చాప మీదికి రండి," అన్నారు గుసగుసగా.

"కాలు మడవలేనండీ."

"సంకల్పం ఉంటే అన్నీ మడతపడతాయి. ప్రయత్న లోపం. మడవండి."

ఏ.వో.గారు కూడా ఒక కన్ను తెరిచారు. "మడవండమ్మా. మీ ఒక్కరి వల్ల శాఖ సగటు పడిపోద్ది."

"మడవదండీ."

"ఎందుకు మడవదు?" అన్నారు డైరెక్టరుగారు.

ఆయన తెలియక అడిగారు. నిజంగానే తెలియక. వీరవేణి ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు, కోపం లేదు, ఏమీ లేదు. ఆ ప్రశాంతత చూసేసరికి ఆవిడలో ఎక్కడో ఇరవయ్యేళ్ళుగా బిగబట్టుకున్నది తెగిపోయింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

"ఎందుకా? మీరు మడవనివ్వలేదు గనక! డాక్టరు రమ్మన్న రోజున వద్దన్నారు. పది రోజులన్నారు, నెలలు చేశారు. మీ ఫోటోల కోసం నా మోకాలు చంపేశారు. నేనింక బండెక్కలేను, తెలుసా మీకు? జన్మలో ఎక్కలేను! సిగ్గు లేదుటయ్యా మీకు?"

ఆ గొంతు మెట్ల మీదుగా కింది అంతస్తులకి కూడా వినపడింది. చాపల మీద ఎవ్వరూ కళ్ళు తెరవలేదు. ఎవ్వరూ కదల్లేదు. ఒక్క మనిషి మెడ కూడా ఇటు తిరగలేదు. ఆ రోజు మైలురాళ్ళ సంరక్షణ శాఖ నిశ్చలతలో రాష్ట్రంలోకెల్లా ప్రథమ స్థానం సాధించింది.

సాయంత్రం ఆవిడకి మెమో అందింది. మౌన సమయంలో ఉచ్చస్వరంతో సంభాషించి సహోద్యోగుల నిశ్చలతకు భంగం కలిగించినందుకు, పై అధికారిని 'లేదుటయ్యా' అని అమర్యాదగా సంబోధించినందుకు, అనుమతి లేకుండా లేచి నిలబడినందుకు సంజాయిషీ కోరుతున్నామని అందులో ఉంది. వీరవేణి దాన్ని రెండుసార్లు పైనుంచి కింది దాకా చదివింది. మోకాలి మాట అందులో ఎక్కడా లేదు.